కట్టె తుపాకి దొర

అక్కయ్యలూ, చెల్లెమ్మలూ! పోయిన వారం ఊరగాయ జాడీల దగ్గర ఆగాం కదా. ఈ వారం జాడీకి మూత బిగించి, చేతులు కడుక్కుని, ఒక్కసారి వీధి గుమ్మంలోకి రండి. మీకో దొరగారిని చూపించాలి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు పుట్టి పెరిగినవాళ్లకీ, ఆ ఊళ్లకి కోడళ్లుగా వెళ్లినవాళ్లకీ ఈయన్ని పరిచయం చెయ్యనక్కరలేదు. వెలిసిపోయిన ఖాకీ కోటు, దానికి వరసగా గుచ్చిన బిళ్లల పతకాలు, నెత్తిన టోపీ, బుగ్గల దాకా దిద్దిన మీసం, భుజాన కట్టె తుపాకి. కాళ్లకి చెప్పులు వుంటే వున్నట్టు, లేకపోతే లేనట్టు. పిట్టల దొర! కొన్ని ఊళ్లలో తుపాకి రాముడంటారు, కొన్ని చోట్ల లత్కోర్ సాబ్ అంటారు. పేరేదైనా మనిషి ఒకడే. సంచారం చేసే కుటుంబాలవాళ్లు తాతల నాటి నుంచి కడుతున్న వేషం. కోతలు చేతికొచ్చే రోజుల్లోనూ, జాతర్లప్పుడూ ఊళ్లోకి దిగుతాడు. రాగానే తుపాకి ఆకాశానికి ఎత్తి, నోటితోనే ‘ఠాం’ అని పేలుస్తాడు. పిట్ట పడదు. పిల్లలు మాత్రం పరిగెత్తుకొస్తారు.

ఆ తర్వాత మొదలవుతుంది అసలు ఆట. ఏ ఇంటి ముందు నిలబడితే ఆ ఇంటి ఇల్లాలికి తన ఆస్తిపాస్తుల లెక్క చెబుతాడు. మాటలు ఊరికొకటి, మనిషికొకటి. వరస మటుకు ఈ తీరుగా వుంటుందనుకోండి:

‘‘అమ్మా, నాకేం తక్కువ? ఇటు కృష్ణమ్మ, అటు తుంగభద్రమ్మ, నడుమ నూరెకరాల మామిడితోట నాది. తోటల చెట్టు లేదు. చెట్టుకు పొయ్యనీకె నీళ్లు లేవు. నీళ్లకు బాయి లేదు. బాయి తవ్వుదమంటె జాగ లేదు. ఇగ తోట మటుకు నాదే!’’

లేదంటే, ‘‘మా ఇంటామెకు గద్వాల చీర తీసిన తల్లీ! ఎసుంటి చీర? మడిస్తె అగ్గిపెట్టెల పడ్తది. అగ్గిపెట్టె నా జేబుల ఉన్నది. చీర దుకాణంల ఉన్నది.’’

చూశారా ఆ పనితనం? పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే గబుక్కున నాలుగు చుక్కలు చన్నీళ్లు చిలకరిస్తాం కదా, అచ్చంగా అలాంటిదే. బడాయిని గిన్నె అంచు దాకా పొంగిస్తాడు. మనం అయ్యో అనుకునే లోపల చివరి మాటతో చప్పున అణిచేస్తాడు. ఆ చివరి మాట ఒక్క క్షణం ముందు పడ్డా నవ్వు రాదు, ఒక్క క్షణం ఆలస్యమైనా రాదు. పాల దగ్గర నిలబడ్డవాళ్లకి ఈ సంగతి నేను వేరే చెప్పాలా? పైగా మధ్యలో ఆయన నవ్వడు. కలెక్టరు దౌరాకి వచ్చినంత గంభీరంగా వుంటాడు. నవ్వడం మన వంతు.

మరి ఆ మామిడితోట మాటకి గద్వాల ప్రాంతంలోని ఆడవాళ్లు ఎందుకంత నవ్వుతారో ఆలోచించారా? ఆ సీమ పేరే నడిగడ్డ. ఒక పక్క కృష్ణ, ఒక పక్క తుంగభద్ర. మ్యాపులో చూస్తే నీళ్ల మధ్య దీవిలా వుంటుంది. కానీ బిందెతో కోసెడు దూరం నడిచిన తల్లులు, వానలు మొహం చాటేస్తే మగవాళ్లు కూలికి దేశాలు పట్టిపోతే ఇళ్లలో మిగిలిన అత్తాకోడళ్లు ఆ నేల మీదే బతికారు. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు కూలీల చేతులు వుండేవని పేరు. ఊరి పక్క జూరాల ప్రాజెక్టుకి 1981లో పునాదిరాయి పడితే ప్రారంభం అయ్యేసరికి 1995 వచ్చింది. ఎత్తిపోతల పథకాలు ఆ తర్వాతి మాట. పద్నాలుగేళ్లు కాలువ కోసం ఎదురుచూసిన ఇల్లాలి ముందు నిలబడి ఒకాయన ‘రెండు నదుల నడుమ నా తోట’ అంటే, ఆ నవ్వులో సగం ఏడుపు వుంటుంది. కానీ ఏడిపించడానికి ఆయన రాలేదు. నవ్వించడానికే వచ్చాడు. ఆ తేడా ఆయనకి బాగా తెలుసు.

ఇంకో సంగతి. ఈ మూడు ఊళ్లకీ దొరలంటే ఏమిటో పుస్తకాల్లో చదివి తెలుసుకునే అవసరం లేదు. గద్వాల, వనపర్తి నిజాం ఏలుబడిలో సంస్థానాలు. 1948లో నిజాం పాలన పోయిన తర్వాత అవీ కలిసిపోయాయి. గద్వాలని ‘విద్వద్గద్వాల’ అని పొగిడేవారు. తిరుపతి వేంకట కవులంతటివాళ్లు ఈ సంస్థానాలకి వచ్చి అవధానాలు చేసి సన్మానాలు అందుకుని వెళ్లారు. కోట లోపల కవిగారు రాజుగారిని ఇంద్రుడు, చంద్రుడు అని పద్యం చెబుతుంటే, కోట బయట వీధిలో ఒక ఆసామి తనని తానే దొరనని చెప్పుకుంటూ తిరుగుతున్నాడన్న మాట! కవిగారి పొగడ్త నిజమని నమ్మాలి. ఈయన పొగడ్త అబద్ధమని అందరికీ తెలుసు. ఆ అబద్ధంలో నుంచే టోపీ పెట్టుకున్న ప్రతి అమీనూ, ప్రతి జంగ్లాతు ఉద్యోగీ, ప్రతి పటేలూ తొంగి చూసేవాడు. పైకి ఎవర్నీ ఒక్క మాట అనడు. అనకుండానే అన్నీ అనేస్తాడు. వనపర్తి రాజప్రాసాదంలో 1959లో పాలిటెక్నిక్ కాలేజీ వెలిసింది. నిజం దొరల మేడలో పిల్లలు ఇంజనీరింగ్ పాఠాలు చదువుకుంటున్నారు. కట్టె తుపాకి దొర మటుకు పదవి దిగలేదు.

ఇదేదో మన ఊళ్ల వింత మాత్రమే అనుకోకండి. అమెరికాలో 1880ల నుంచి 1930ల దాకా వాడెవిల్ అనే ఆటలుండేవి. ఒకే టిక్కెట్టు మీద పది పన్నెండు రకాల వినోదం. ఒకడు పాడతాడు, ఒకడు బంతులు ఎగరేస్తాడు, ఒకడు బొమ్మ చేత మాట్లాడిస్తాడు, ఒకడు జోకులు చెబుతాడు. చాలామందికి పావుగంట మించి సమయం వుండదు. ఆ పావుగంటలో నవ్వించలేకపోతే మర్నాడు మూటాముల్లే సర్దుకోవాల్సిందే. అంతకు ముందు అలాంటి ఆటలు తాగుడు అంగళ్ల పక్కన మగవాళ్ల కోసమే జరిగేవి. 1881లో న్యూయార్క్‌లో టోనీ పాస్టర్ అనే ఆయన బూతు తీసేసి, ఇల్లాళ్లు కూడా పిల్లలతో వచ్చి చూడదగ్గ ఆటలు మొదలుపెట్టాడు. ఆడవాళ్లని రప్పించడానికి బొగ్గులు, మాంసం లాంటి ఇంటి సరుకులు కానుకలుగా ఇచ్చేవాడని కూడా చెబుతారు! అక్కడ ఆటవాడు ఇల్లాలికి సరుకు ఇచ్చాడు. ఇక్కడ ఇల్లాలే ఆటవాడికి చేటలో జొన్నలు పోసింది. ఎవరు గొప్పో మీరే చెప్పండి.

చార్లీ చాప్లిన్ గుర్తున్నాడు కదూ? దూరదర్శన్‌లో మనమూ, మన పిల్లలూ చూసి పొట్టలు పట్టుకున్నవాళ్లమే. ఆయన అలాంటి వేదికల మీద నుంచి వచ్చినవాడే. వాళ్లమ్మ లండన్ రంగస్థలాల మీద పాటలు పాడేది. ఒకరోజు ఆమె గొంతు పూడుకుపోయి జనం గోల చేస్తే, అయిదేళ్ల పిల్లాడిని వేదిక మీదికి పంపించారని, అదే తన మొదటి ప్రదర్శన అని ఆయన తన ఆత్మకథలో రాసుకున్నాడు. 1914లో సినిమాల్లో కట్టిన ఆ వేషం చూడండి. పెద్దమనుషుల టోపీ, బిగుతు కోటు, చేతికర్ర, కింద మాత్రం చిరుగుల బూట్లు, జారిపోయే లాగు. గొప్పవాడి బట్టలు పేదవాడి ఒంటి మీద! మన పిట్టల దొర వేషం కూడా ఇదే సూత్రం కాదూ? ఆయన్ని చూసి ఈయన నేర్వలేదు, ఈయన్ని చూసి ఆయన నేర్వలేదు. ఆకలి, అభిమానం రెండూ ఒకే ఒంట్లో వున్నప్పుడు అలాంటి కోటే కుట్టించుకుంటారేమో.

ఆ వాడెవిల్‌ని సినిమా మింగేసింది. న్యూయార్క్‌లో దానికి గుడిలాంటి ప్యాలెస్ థియేటరు 1932 కల్లా సినిమా హాలైపోయింది. మన దగ్గరా సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, అరచేతిలోకి ఫోను వచ్చింది. మరి పిట్టల దొర ఏమైనట్టు?

ఏమీ కాలేదు, టీవీలోకి ఎక్కాడంటాను నేను. వి6 ఛానల్లో ‘తీన్మార్ వార్తలు’ చూసినవాళ్లకి బిత్తిరి సత్తి తెలుసు. చేవెళ్ల ప్రాంతం నుంచి వచ్చిన రవి అనే మిమిక్రీ కళాకారుడు కట్టిన పాత్ర. పక్కన సావిత్రిగా శివజ్యోతి. వార్తలు చదివే చోట, సూటూ బూటూ వుండాల్సిన చోట, పల్లెటూరి అమాయకుడు ఒకడు అడ్డదిడ్డంగా దూరి, తనకన్నీ తెలిసినట్టు మాట్లాడుతుంటే రాత్రి అన్నాల వేళ ఎన్ని ఇళ్లలో నవ్వులు వినిపించాయో! గంభీరంగా కోతలు కొయ్యడం, చివరి మాటలో తుస్సుమనడం, ఎవర్నీ అనకుండా అందర్నీ అనడం, అంతా వీధిలో దొరగారి విద్యే. ఆ సంగతి వాళ్లకీ తెలిసినట్టుంది. 2019లో ఆయన కథానాయకుడిగా వచ్చిన సినిమాకి ‘తుపాకి రాముడు’ అనే పేరు పెట్టారు. దాని నిర్మాత రసమయి బాలకిషన్. 2002లో మొదలైన ధూం ధాం సభలు ఆయన నడిపించినవే.

ఆ మాటకొస్తే వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్‌గారు అంతకు ఎంతో ముందే ఒక్క గొంతుతో నూరు గొంతులు పలికించి దేశదేశాల్లో పేరు తెచ్చుకున్నారు. 2001లో పద్మశ్రీ అందుకున్నారు, 2018లో కన్నుమూశారు. కానీ ఆయన వేదిక మీది మనిషి. సత్తి మటుకు నడింట్లోకి వచ్చాడు.

దీనిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఒకటుంది. చాలా ఏళ్లపాటు మన సినిమాల్లో తెలంగాణ యాస ఎవరి నోట వినిపించేది? విలను పక్కన వుండే రౌడీ నోటా, లేకపోతే నవ్వుల కోసం పెట్టిన పనివాడి నోటా. కథానాయిక మాట్లాడితే శిష్ట భాష. పాలమూరు పిల్ల చదువు కోసం పట్నం పోయి హాస్టల్లో ‘యాడికి పోతున్నవ్’ అంటే తోటి పిల్లలు కిసుక్కుమనేవారు. ఆ పిల్ల సెలవులకి ఇంటికొచ్చి తల్లి మాట తీరుని దిద్దబోయిన సందర్భాలు మీలో కొందరికైనా తెలిసే వుంటాయి. తల్లి ఏమీ అనకపోవచ్చు. మనసులో గుచ్చుకోకుండా వుంటుందా? పిట్టల దొర ఆ యాసలోనే దొరతనం చేశాడు. సత్తి, సావిత్రి ఆ యాసలోనే వార్తలు చెప్పారు. యాసని చూసి నవ్వడం వేరు, యాసలో నవ్వించడం వేరు. మొదటిదానిలో మనం వస్తువులం. రెండోదానిలో మనమే ఆటగాళ్లం. ఈ చిన్న మార్పు వల్ల ఎంతమంది అమ్మల నోళ్లు మళ్లీ తెరుచుకున్నాయో లెక్క కట్టలేం.

అలాగని టీవీ హాస్యానికంతటికీ హారతి పట్టను. ఛానల్ తిప్పితే మగవాళ్లు చీరలు కట్టి ఒకరినొకరు చెంపలు వాయించుకోవడం, పెళ్లాం మీద, అత్తగారి మీద అరిగిపోయిన జోకులు. పాపం, పెళ్లాం లేకపోతే వాళ్లకి మాటే పుట్టదనుకుంటాను! పగటి వేషాల్లోనూ మగవాళ్లు ఆడవేషం కట్టారు. కాదనను. కానీ ఆ వేషాలు గడప గడపకీ వచ్చి మన ముందే ఆడాలి. మాట మీరితే చేటలో గింజలు పడవు. ఆ భయం వుండేది. పిట్టల దొర మన ఇంటి ముందు నిలబడి నవ్వులపాలు చేసేది తనని తానే. తన తోట, తన మేడ, తన తుపాకి. భార్యని తలచుకున్నా చీర కొనివ్వలేని తన అసమర్థత మీదే ముగిస్తాడు. ఈ మర్యాద స్టూడియో లైట్ల కింద ఎందుకు ఆవిరైపోతుందో నాకు అర్థం కాదు. బహుశా అక్కడ చేట పట్టుకుని ఎదురుగా నిలబడ్డ ఇల్లాలు లేకపోవడం వల్లే. సావిత్రి పాత్ర అందుకే నచ్చుతుంది నాకు. ఆమె నవ్వులపాలయ్యే మనిషి కాదు. సత్తి కోస్తుంటే దారానికి ముడి వేసే మనిషి.

ఇక కడుపు సంగతి. టీవీ ఒకరికి పేరిచ్చింది, సంతోషం. కానీ ఆ విద్యని ఇన్నాళ్లూ మోసుకొచ్చిన వీధి దొరల సంగతేమిటి? ఎన్నికలప్పుడు, అక్షరాస్యత ప్రచారమప్పుడు, పోలియో చుక్కలప్పుడు వాళ్లని పిలుస్తారు. ఆ నాలుగు రోజులు బండి మీద ఊరేగిస్తారు. తర్వాత ఎవరి దారి వారిది. పెద్ద పురస్కారం వస్తే కష్టాలు తీరతాయనుకోవడానికీ లేదు. నాగర్‌కర్నూలు జిల్లా అవుసలికుంటకి చెందిన దర్శనం మొగులయ్య హాస్యగాడు కాదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే విద్వాంసుడు. పండుగ సాయన్న కథ పాడుతూ ఊరూరా తిరిగినవాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పట్నం శివార్లలో కూలి పని చేస్తున్నాడని పత్రికలు ఫొటోతో సహా వేశాయి. ఆ ఫొటో చూసి ఎంతమంది కాఫీ గ్లాసు పక్కన పెట్టేశారో! చప్పట్లు కొట్టడం మన తెలుగువాళ్లకి బాగా వచ్చు. గింజలు కొలవడం దగ్గరే చెయ్యి వణుకుతుంది.

మన చేతిలో వున్న సంగతులు కొన్ని చెబుతాను. మొదటిది, ఇంటికొచ్చినప్పుడు ‘బిచ్చగాడు వచ్చాడు’ అని లోపలికి కేక వెయ్యకండి. పిల్లలు ఆ మాటే పట్టుకుంటారు. ‘దొర వచ్చాడు’ అనండి. అది ఆయన ఆటలో సగం పని మనం చేసిపెట్టినట్టు. ఆట పూర్తిగా అయ్యాకే ఇవ్వండి. మొదట్లోనే రూపాయి చేతిలో పెట్టి పంపించెయ్యడం దానం అవుతుందేమో కానీ మర్యాద కాదు. ఇదివరకు శేరు జొన్నలు ఇచ్చేవాళ్లు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో జొన్నలెక్కడివి, డబ్బే ఇవ్వండి. ఆటకి తగ్గట్టు ఇవ్వండి. సినిమా టిక్కెట్టుకి, లోపల కొనే మొక్కజొన్న పేలాలకి ఎంత పోస్తున్నామో ఒకసారి తలచుకుంటే చెయ్యి దానంతటదే పెద్దదవుతుంది.

రెండోది, బడి వార్షికోత్సవాలకి పిల్లల వేషాలు. ఏటేటా అదే కృష్ణుడు, అదే ఝాన్సీరాణి అని టీచరమ్మలు కూడా విసిగిపోయారు. ఈసారి పిట్టల దొరని కట్టండి. ఖర్చు ఏమీ లేదు. వాళ్ల నాన్నగారి పాత ఖాకీ రంగు చొక్కా మోకాళ్ల దాకా వస్తుంది, చేతులు మడిచి నడుముకి బెల్టు బిగించండి. సోడా మూతలకి వెనక పిన్నీసు అంటించి ఛాతీ మీద వరసగా గుచ్చితే పతకాలు. పిన్నీసు కొన లోపలికి గుచ్చుకోకుండా కింద చిన్న గుడ్డ ముక్క కుట్టండి. పాత గొడుగు కర్ర తుపాకి. కొన వుంటే గుడ్డ చుట్టండి. మీసానికి కాటుక చాలు. మొహమంతా నలుపు మాత్రం పుయ్యకండి. దొర రంగుని వెక్కిరించడం మన ఉద్దేశం కాదు. మాటలు రాసిచ్చి బట్టీ పట్టించకండి. మీ ఇంటి సంగతులే అడిగి చెప్పించండి: ‘మా ఇంట్లో రెండు ఫ్రిజ్జులున్నయి. ఒకటి చెడిపోయింది, ఇంకొకటి పక్కింటోళ్లది.’ ఆ ఎగరడం, ఆ పడడం వస్తే చాలు. ఆడపిల్లకి కట్టినా బ్రహ్మాండంగా వుంటుంది. మీసం పెట్టుకున్న చిన్నారి దొర గంభీరంగా నిలబడితే హెడ్‌మాస్టరు గారు కూడా ఆపుకోలేరు.

మూడోది, పిల్లలకి అసలు దొరని చూపించండి. దీపావళి తర్వాత కురుమూర్తి జాతర, మార్గశిర పౌర్ణమికి మల్దకల్ తిమ్మప్ప, సంక్రాంతికి సింగోటం నరసింహస్వామి, మాఘంలో గద్వాల జమ్ములమ్మ, ఫాల్గుణంలో శ్రీరంగాపురం రంగనాయకస్వామి తేరు. గాజుల దుకాణాల సందు దాటి, మిఠాయి అంగళ్ల పక్కన గుంపు కనిపిస్తే తొంగి చూడండి. అక్కడ వేషగాళ్లలో ఆయన ఎదురుపడితే మీ అదృష్టం. సెల్‌ఫోను తీసి ముందు ఫొటో తియ్యకండి. తీయాలనిపిస్తే అడిగి, డబ్బిచ్చి తియ్యండి. అది ఆయన వృత్తి.

పలకరించడానికి మొహమాటపడకండి. ‘ఏం దొరా, ఈ ఏడు తోట కాసిందా?’ అని ఒక్క మాట అందించండి. ఇంటి గుమ్మంలో అయితే మాత్రం, పొయ్యి మీది పాలు దింపేసి వచ్చి మరీ అడగండి.